చేతక్ హెలికాప్టరు, దాని విడిభాగాలు: ఒక పాత విద్యార్థి పాఠం

విద్యార్థి సంఘం కార్యదర్శి పోయిన నెల మా ఇంటికి వచ్చి, "సార్, ఈ ఏడు సావనీరుకు మీరొక వ్యాసం ఇవ్వాలి. సైన్సు ఉండాలి, మీ సర్వీసు అనుభవమూ ఉండాలి" అన్నాడు. సరేనన్నాను గాని, కలం పట్టుకున్నాక భయం వేసింది. నేను ఈ కాలేజీలో 1983లో బి.యస్సీ. ముగించి వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేరినవాణ్ణి. ఇరవై ఏళ్ళు హెలికాప్టర్ల చుట్టూ తిరిగాను గాని, ఒక్కనాడూ వాటిని నడపలేదు. సాహస గాథలు వ్రాయడానికి పైలట్లున్నారు. నాకు తెలిసినవల్లా బోల్టులు, బేరింగులు, గేర్ బాక్సులు, వాటి వెంట వచ్చే కాగితాలు. కనుక వాటి గురించే వ్రాస్తున్నాను. విసుగనిపిస్తే మన్నించండి. అయినా చివరిదాకా చదవమని మనవి. ఎందుకంటే ఈ కథ తిరిగి తిరిగి చివరకు మన ఫిజిక్సు లాబులోకే వచ్చి ఆగుతుంది.

ముందు కొంత చరిత్ర

చేతక్ పుట్టిల్లు ఫ్రాన్సు. అక్కడ దాని పేరు అలూయెట్-3. అలూయెట్ అంటే ఫ్రెంచి భాషలో ఒక చిన్న పాటపిట్ట. దీని అక్కగారు అలూయెట్-2 మొదటిసారి 1955 మార్చి 12న ఎగిరింది. ఆ రోజుల్లో హెలికాప్టర్లకు చాలావరకు పిస్టన్ ఇంజన్లే ఉండేవి. వాటికి బరువెక్కువ, బలం తక్కువ. టర్బైన్ ఇంజనుతో వరుసగా ఫ్యాక్టరీలో తయారైన మొదటి హెలికాప్టరు అలూయెట్-2. టర్బోమెకా కంపెనీవారు చేసిన ఆ ఇంజను పేరు ఆర్టూస్ట్. అది పిరనీస్ కొండల్లోని ఒక సరస్సు పేరు.

అలూయెట్-3 మొదట ఎగిరింది 1959 ఫిబ్రవరి 28న. పైలటుతో కలిపి ఏడుగురు కూర్చోవచ్చు. మూడు రెక్కల పెద్ద రోటరు, దాని వ్యాసం 11 మీటర్లు. తోక దగ్గర ఇంకో చిన్న రోటరు. మొత్తం బరువు 2,200 కిలోలు మించకూడదు. దీని ఆర్టూస్ట్-3 ఇంజనుకు నిజానికి 870 అశ్వశక్తి ఇచ్చే సత్తా ఉంది, కానీ 570 దగ్గరే కళ్ళెం వేశారు. ఉన్న బలాన్ని వాడుకోకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజను బలం తగ్గుతుంది. నేల మీద 870 ఇవ్వగలిగినది కొండ మీద కూడా 570 ఇస్తూనే ఉంటుంది. అంటే ఆ మిగులు బలమంతా కొండల కోసం దాచిపెట్టిందన్నమాట. 1960 నవంబరులో ఫ్రెంచి పైలట్ జాఁ బూలే ఈ హెలికాప్టరును మన హిమాలయాల్లో 6,004 మీటర్ల ఎత్తున దించి, మళ్ళీ లేపి చూపించాడు.

కొండ సరిహద్దులున్న మన దేశానికి ఇంతకంటె కావలసిందేముంది? 1962లో లైసెన్సు ఒప్పందం కుదిరింది. 1965లో బెంగుళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఫ్యాక్టరీలో తయారైన మొదటిది ఎగిరింది. రాణా ప్రతాపుని గుర్రం పేరు చేతక్. ఆ పేరే దీనికి పెట్టారు. ఆ తరువాత మన సైన్యం అవసరాల కోసం ఫ్రెంచివారే అలూయెట్-2 చట్రాన్ని గట్టిపరచి, దానికి అలూయెట్-3 ఇంజను, రోటరు, గేర్ బాక్సు అమర్చి ఇంకో రకం చేశారు. అది 1969 మార్చి 17న ఎగిరింది. ఫ్రాన్సులో దాని పేరు లామా, మన దగ్గర చీతా. 1984లో సియాచిన్ మంచు మీదికి మన జవాన్లు వెళ్ళిన నాటినుంచి వాళ్ళకు తిండి, మందులు, కిరసనాయిలు మోసినవాటిలో ఈ చీతాలదే పెద్ద పాలు. చేతక్, చీతాలకు ఇంజనూ రోటరూ ఒకే రకం కావడం స్టోర్సు మనిషికి ఎంత సుఖమో వేరే చెప్పనక్కరలేదు.

1971 డిసెంబరు 3 రాత్రి నారాయణగంజ్ దగ్గర గోద్‌నాయిల్ చమురు డిపో మీద రాకెట్లు వేసింది ముక్తివాహిని వారి ఒక అలూయెట్-3. వరదల్లో తాడు దించి మనుషుల్ని పైకి లాగినవీ ఈ జాతివే. మనకు దగ్గరలోనే, హైదరాబాదు పక్కన హకీంపేటలో, ఎందరో పైలట్లు చేతక్ మీదే హెలికాప్టరు విద్య దిద్దుకున్నారు. 2022 ఏప్రిల్ 2న దాని అరవై ఏళ్ళ సేవకు సభ జరిపింది కూడా ఆ హకీంపేటలోనే.

ఒక యంత్రం అరవై ఏళ్ళు బ్రతకడం అంటే ఏమిటి? దానిలో మొదటి రోజు బిగించిన ముక్కలు ఇప్పుడు ఎన్ని ఉంటాయి? ఇక్కడి నుంచే నా పాఠం మొదలు.

తిరిగే వస్తువు లెక్క

కారులో ఇంజను ఆగితే పక్కకు తీసి నిలుపుతాం. హెలికాప్టరులో ఇంజను ఆగినా, నమ్మండి, పైలటు క్షేమంగా దిగగలడు. కిందికి పడుతున్నప్పుడు ఎదురు వచ్చే గాలే రోటరును తిప్పుతుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. ఇందాక చెప్పిన జాఁ బూలేయే 1972 జూన్ 21న లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయాడు. తిరిగి దిగబోతుంటే ఇంజను ఆరిపోయింది, మళ్ళీ అంటుకోలేదు. అంత ఎత్తునుంచీ ఇంజను లేకుండానే నేలకు దిగాడు. ఇంజను లేకపోయినా ఆయన దగ్గర చెక్కుచెదరని రోటరు ఉంది. అదే రోటరు తలకాయలో ఒక్క బోల్టు విరిగి ఉంటే ఏ విద్యా పనికి వచ్చేది కాదు.

ఆ బోల్టు మీద ఎంత బలం పడుతుందో మన ఇంటర్మీడియట్ లెక్కతోనే చూద్దాం. చేతక్ పెద్ద రోటరు నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 5.83 చుట్లు. దాన్ని 6.28తో గుణిస్తే కోణీయ వేగం 36.6 రేడియన్లు. దాని వర్గం సుమారు 1,340. ఇరుసుకు 3 మీటర్ల దూరంలో రెక్కలోని ఒక్క కిలో ముక్కను తీసుకోండి. అపకేంద్ర బలం ద్రవ్యరాశిని, కోణీయ వేగం వర్గాన్ని, వ్యాసార్ధాన్ని గుణిస్తే వస్తుంది. 1 × 1,340 × 3, అంటే 4,020 న్యూటన్లు. 410 కిలోల బరువు వేలాడదీసినట్లు. ఇది ఒక్క కిలో సంగతి. ఇప్పుడు రెక్క మొత్తం ఊహించుకోండి.

తోక రోటరు ఇంకా వేగం, నిమిషానికి సుమారు 2,000 చుట్లు. దాని అంచున, 0.9 మీటరు దూరంలో, ఒక్క గ్రాము తేడా ఉంటే లెక్క కట్టి చూడండి, దాదాపు 4 కిలోల బలం తోకను గిరగిరా అటూ ఇటూ గుంజుతుంది. అందుకే మేము తోక రెక్క మీద అంటుకున్న బురదను కూడా గుడ్డతో తుడిచేవాళ్ళం. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అది శుభ్రత కోసమనుకునేవారు.

లోహానికి కూడా అలసట

అంత బలం ఎప్పుడూ ఒకే తీరుగా పడితే బాధ లేదు. లావుపాటి బోల్టు వేస్తే సరిపోతుంది. చిక్కేమిటంటే, హెలికాప్టరు ముందుకు పోయేటప్పుడు ప్రతి రెక్కా ఒక సగం చుట్టులో గాలికి ఎదురు పోతుంది, ఇంకో సగంలో గాలితోపాటు పోతుంది. కనుక ప్రతి చుట్టులోనూ దాని మీద బలం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. నిమిషానికి 350 అయితే గంటకు 21,000 సార్లు. వెయ్యి గంటలకు 2 కోట్ల 10 లక్షల సార్లు.

బైండింగు తీగ ముక్కను చేత్తో లాగండి, తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచండి, తెగుతుంది. దీన్నే ఫెటీగ్, అంటే లోహపు అలసట అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షించి దీనికి లెక్క చూపించాడు. బలం కొంచెం తగ్గిస్తే భరించే సార్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది, బలం కొంచెం పెంచితే అంతకంత తగ్గిపోతుంది. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్ జెట్ విమానాలు ఆకాశంలోనే చెదిరిపోయాక విమానాలు కట్టేవాళ్ళందరూ ఈ పాఠం మళ్ళీ మొదటినుంచి చదువుకున్నారు.

1945లో మైనర్ అనే అమెరికన్ ఒక సులువైన సూత్రం ప్రచారంలోకి తెచ్చాడు. ఒక ముక్క ఒక స్థాయి బలాన్ని లక్ష సార్లు భరించగలదనుకోండి. పాతిక వేల సార్లు పడితే దాని ఆయుష్షులో పావు వంతు ఖర్చు. ఇంకో స్థాయి బలాన్ని పదివేల సార్లు భరించగలదు, ఐదు వేల సార్లు పడింది. అర వంతు ఖర్చు. రెండూ కలిపితే ముప్పావు. మొత్తం ఒకటి అయ్యేసరికి ముక్క పని ముగిసినట్లే. ఇది ఉజ్జాయింపు సూత్రమే. అందుకే డిజైనర్లు ప్రయోగశాలలో ఎన్నో ముక్కలను విరగగొట్టి చూసి, వచ్చిన అంకెను గట్టిగా తగ్గించి, 'ఇన్ని గంటలు, అంతే' అని గీత గీస్తారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ ఖర్చు పైకి కనబడదు. తొంభై పాళ్ళు ఆయుష్షు అయిపోయిన బోల్టూ, నిన్న పెట్టెలోంచి తీసిన బోల్టూ పక్కపక్కన పెడితే, తుడిచి చూపిస్తే, నేనే కాదు, ఎంతటివాడూ కంటితో చెప్పలేడు.

విడిభాగాల్లో నాలుగు తరగతులు

మా స్టోర్సులో వస్తువులను మేము మనసులో నాలుగు రకాలుగా విడదీసుకునేవాళ్ళం.

మొదటిది, ఒక్కసారి వాడి పారవేసేవి. స్ప్లిట్ పిన్ను, లాకింగ్ వైరు, గాస్కెట్టు, ఓ-రింగు. ఇవి రూపాయల్లో చవక. కానీ పాత స్ప్లిట్ పిన్నును తిన్నగా చేసి మళ్ళీ గుచ్చినవాణ్ణి మా వాళ్ళు జాలి లేకుండా తిట్టేవారు. ఒకసారి వంచి మళ్ళీ వంచడమంటే బైండింగు తీగ కథే గదా!

రెండోది, స్థితిని చూసి మార్చేవి. టైర్లు, అద్దాలు, తలుపుల కీళ్ళు వగైరా. అరిగాయా, పగిలాయా అని కంటితో చూడవచ్చు, కొలవవచ్చు.

మూడోది, గంటలు నిండగానే విప్పి, వర్కుషాపుకు పంపి, శుభ్రం చేయించి, లోపలి బేరింగులు మార్చి మళ్ళీ వాడుకునేవి. ఇంజను, గేర్ బాక్సు ఈ తరగతి. విప్పేవరకు బాగానే నడుస్తుండవచ్చు. అయినా విప్పవలసిందే.

నాలుగోది, ఆయుష్షు తీరగానే చచ్చిపోయేవి. రోటరు తలకాయలోని కొన్ని భాగాలు, రెక్కలు ఇట్టివి. గడువు నిండిన ముక్కను హాక్సా పెట్టి కోసి, మళ్ళీ ఎవరూ బిగించడానికి వీల్లేకుండా చేసి తుక్కులో వేస్తాం. నిగనిగలాడే ముక్కను చేజేతులా కోయడం మొదటిసారి నాకు ప్రాణం ఒప్పలేదు.

గడియారాలు కూడా ఒకటి కాదు, మూడు. ఎగిరిన గంటలు ఒకటి. ఎన్నిసార్లు ఇంజను స్టార్టు చేశామన్నది రెండోది. చల్లని లోహం ఒక్కసారిగా వేడెక్కి మళ్ళీ చల్లబడటం కూడా అలసటే. మూడోది క్యాలెండరు. రబ్బరు సీలు పెట్టెలోంచి తీయకపోయినా ముసలిదవుతుంది. గిడ్డంగి ఎండకు కాగితే ఇంకా త్వరగా.

నమూనా చూసి చేసుకోలేమా?

విడిభాగం అనే ఊహ నిలబడాలంటే ముందు ఒక ముక్క తీసి ఇంకో ముక్క పెడితే అచ్చంగా అమరాలి. 1785లో పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్ అనొరే బ్లాఁ అనే తుపాకుల పనివాడి దగ్గరికి వెళ్ళాడట. తుపాకీ తాళపు ముక్కలన్నీ కలగలిపి పోసి, చేతికి వచ్చినవి తీసి అమరిస్తే అన్నీ అమరాయని ఆశ్చర్యపడి స్వదేశానికి ఉత్తరం వ్రాశాడు. అంతకుముందు ఒక్కొక్క ముక్కనూ ఆకురాయితో రుద్ది, దాని జత ముక్కకే సరిపెట్టేవారు. ఇప్పటి కుర్రాళ్ళకు ఇది వింతగా ఉంటుంది.

మా రోజుల్లో స్టోర్సులో సామాను లేనప్పుడల్లా ఎవరో ఒకరు అనేవారు: "ఇది బోల్టే గదా, బజారులో ఎంతో మంచి టర్నర్లున్నారు, నమూనా ఇస్తే సాయంత్రానికి చేసిస్తారు" అని. మన టర్నర్ల చేతిపనికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. మైక్రోమీటరుతో కొలిచి వెంట్రుక వాసి తేడా లేకుండా చేయగలరు. కానీ మైక్రోమీటరు చెప్పేది కొలతే. ఉక్కును ఎంత వేడి దాకా కాచారు, దేనిలో ముంచారు, ఎంతసేపు మళ్ళీ కాచారు అన్నది మైక్రోమీటరుకు తెలియదు. కమ్మీని కోసి చేశారా, సమ్మెటపోటుతో రూపం తెచ్చారా అన్నదీ తెలియదు. సమ్మెటపోటు పడిన లోహంలో రేణువుల వరుస ముక్క ఒంపును అనుసరించి పోతుంది, అలసటకు బాగా తట్టుకుంటుంది. పైపొరను చిన్న చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి బిగువు చేశారా అన్నది కూడా పైకి అంతగా తెలియదు.

ఇంకొక ఉదాహరణ. తుప్పు పట్టకుండా గట్టి ఉక్కు బోల్టులకు కాడ్మియం పూత పూస్తారు. ఆ పూత తొట్టిలో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. పూత పూసిన కొద్ది గంటల్లోనే ఓవెన్‌లో పెట్టి చాలాసేపు కాచి ఆ హైడ్రోజన్‌ను వెళ్ళగొట్టాలి. ఆ ఒక్క పని మరిచిపోతే, అన్ని కొలతలూ సరిగా ఉన్న మెరుపు బోల్టు, బిగించిన కొన్ని రోజులకు ఏ దెబ్బా తగలకుండానే టప్పున విరుగుతుంది.

1989 సెప్టెంబరు 8న నార్వే నుంచి జర్మనీకి పోతున్న ఒక కాన్‌వెయిర్ విమానం డెన్మార్క్ ఉత్తరాన సముద్రంలో కూలి 55 మంది చనిపోయారు. సముద్రం అడుగునుంచి ముక్కలు ఏరి చూస్తే, నిలువు తోకను పట్టి ఉంచే బోల్టుల్లో అసలైనవి కానివి బయటపడ్డాయి. అవి ఉండవలసినంత గట్టిగా లేవు. 2023లో కూడా లండన్‌లోని ఒక చిన్న వ్యాపార సంస్థ దొంగ సర్టిఫికెట్లతో జెట్ ఇంజను భాగాలు అమ్మిందని బయటపడి, ఎన్నో దేశాల విమాన కంపెనీలు తమ ఇంజన్లు విప్పి వెతుక్కోవలసి వచ్చింది.

అసలు యజమాని మారిపోతే

యంత్రం అరవై ఏళ్ళు బ్రతికితే దాన్ని చేసిన కంపెనీ పేరే మూడుసార్లు మారుతుంది. అలూయెట్-3ని మనకిచ్చిన స్యూద్ ఏవియేషన్ 1970లో ఏరోస్పాసియాల్‌లో కలిసింది. 1992లో ఆ హెలికాప్టర్ల శాఖ యూరోకాప్టర్ అయింది, 2014లో ఎయిర్‌బస్ హెలికాప్టర్స్ అయింది. ఇంజను చేసిన టర్బోమెకా 2016నుంచి సాఫ్రాన్ పేరుతో ఉంది. ఫ్రాన్సులో అలూయెట్-3 తయారీ 1980ల మధ్యలోనే ఆగిపోయింది. కానీ బెంగుళూరులో ఆగలేదు. అక్కడ 300కు పైగా చేతక్‌లు తయారయ్యాయి. పుట్టింటివారు మరిచిపోయిన బిడ్డను మెట్టినింటివారు సాకినట్లన్నమాట.

లైసెన్సు కొనుక్కున్నప్పుడు డ్రాయింగులు వస్తాయి. ఇక్కడ ఇంత కొలత, ఇంత తేడా ఒప్పు అని ఉంటుంది. ఎందుకు అంతే ఒప్పు అన్నది డ్రాయింగులో ఉండదు. అది డిజైనరు తలలోనూ, ఆయన విరగగొట్టిన ముక్కల పరీక్షా ఫలితాల్లోనూ ఉంటుంది. దేశం ఆ 'ఎందుకు'ను కూడా నేర్చుకోవాలంటే సొంతంగా డిజైను చేయక తప్పదు. ధ్రువ్ 1992 ఆగస్టు 20న ఎగిరింది. చేతక్, చీతాల చోటు తీసుకోవడానికి ఉద్దేశించిన తేలికపాటి హెలికాప్టరు 2016 సెప్టెంబరు 6న మొదట ఎగిరింది. కర్ణాటకలో తుమకూరు ఫ్యాక్టరీని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఈ కొత్తవాటి కోసం చూస్తూనే పాతవాటిని ఎగరనివ్వాలి. ఆ భారం స్టోర్సు మనిషి మీదా, ఫిట్టరు మీదా పడుతుంది.

ఒక మధ్యాహ్నం

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. ఊరూ యూనిటూ చెప్పను.

కొండల దాపున ఉన్న మా చిన్న శిబిరంలో రెండు హెలికాప్టర్లుండేవి. ఒకటి గంటలు నిండి విప్పి ఉంది. రెండోదానికి ఆ ఉదయం తోక గేర్ బాక్సు అయస్కాంతపు ప్లగ్గు తీసి చూస్తే సన్నటి ఉక్కు పొట్టు అంటుకుని ఉంది. లోపల ఏదో పళ్ళు చెబుతున్నాయన్నమాట. గేర్ బాక్సు మార్చాలి. స్టోర్సులో లేదు. సరిగ్గా అప్పుడే పై పోస్టునుంచి కబురు వచ్చింది. ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, త్వరగా దించకపోతే కష్టమని.

విప్పి ఉన్న హెలికాప్టరు గేర్ బాక్సు దీనికి బిగిద్దామన్నాను నేను. కొత్తగా కార్పొరల్ అయిన ఉత్సాహం. మా వారంట్ ఆఫీసరు తంజావూరు వైపు ఆయన, నన్ను 'తంబీ' అనేవాడు. "ముందు దాని లాగ్ కార్డు పట్టుకురా" అన్నాడు.

ప్రతి పెద్ద భాగానికీ ఒక కార్డుంటుంది. పార్టు నంబరు, సీరియల్ నంబరు, ఎక్కడ పుట్టింది, ఏ హెలికాప్టరు మీద ఎన్ని గంటలు ఎగిరింది, ఎప్పుడు విప్పారు, ఎవరు సంతకం చేశారు. తెచ్చి చూస్తే రెండేళ్ళ కిందటి వరుసలో వందల స్థానంలో అంకెను దిద్ది ఉంది. ఒకటో, ఏడో తెలియడం లేదు. ఒకటైతే ఇంకా బోలెడు గంటలున్నాయి. ఏడైతే గడువు దాటి నెలలైంది. దిద్దిన చోట సంతకం లేదు.

"ఒకటే సార్, చూడండి, కింద మొత్తం కూడా దానికే సరిపోతోంది" అన్నాను.

"మొత్తం వేసినవాడు కూడా ఈ అంకెను చూసే వేశాడు గదా, తంబీ" అన్నాడాయన.

"పైన మనిషి పోతున్నాడు సార్."

ఆయన మాట్లాడలేదు. ఫోను దగ్గరికి వెళ్ళి ఇంకో శిబిరంనుంచి హెలికాప్టరు పంపమని అడిగించాడు. అది వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు నేను ఆయన ముఖం చూడలేదు. ఆయన మాత్రం ఆ గేర్ బాక్సు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు, ఎవరైనా బిగించేస్తారేమో అన్నట్లు. సాయంత్రానికి జవానును దించారు. బ్రతికాడని రెండు రోజుల తరువాత తెలిసింది.

నెలన్నరకు వర్కుషాపునుంచి జవాబు వచ్చింది. వాళ్ళ రిజిస్టరు ప్రకారం ఆ అంకె ఒకటే. గేర్ బాక్సు శుభ్రంగా ఉంది. ఆ కాగితం పట్టుకుని నేను పరుగెత్తుకుపోయాను. "సార్, నేను చెప్పిందే నిజం. ఆ రోజు బిగించి ఉండవచ్చు" అన్నాను.

ఆయన కాగితం చదివి, కార్డు మీద సరైన అంకె వ్రాయించి, పక్కన సంతకం పెట్టించి, అప్పుడన్నాడు: "ఇవాళ బిగించవచ్చు, తంబీ. ఆ రోజు నీకు తెలియదు. నీకు అలా ఉంటే బాగుండునని ఉంది, అంతే."

ఆ జవాను చనిపోయి ఉంటే నేను ఏమనుకునేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను. ఆయన నిర్ణయం తప్పని జీవితాంతం అనుకునేవాణ్ణేమో. కానీ అంకె ఏడై ఉంటే, పైలట్లిద్దరూ, జవానూ, ముగ్గురూ పోయి ఉండేవారు. పైలట్లకు ఆ కార్డు సంగతి కూడా తెలియదు. వాళ్ళు మా సంతకం చూసి ఎక్కుతారు. ఇరవై ఏళ్ళలో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను. విడిభాగమంటే లోహం ఒక్కటే కాదు. లోహమూ, దాని నిజమైన చరిత్రా కలిస్తేనే విడిభాగం. చరిత్ర తెలియని ముక్క ఎంత మెరిసినా తుక్కుతో సమానం.

మన రికార్డు పుస్తకాలు

ఇక మన లాబుకు వద్దాం. ఇప్పుడు చెప్పేది నా నేరాంగీకారం.

నేను బి.యస్సీ. చదివేటప్పుడు కాంపౌండు పెండ్యులంతో 'జీ' విలువ కనుక్కునే ప్రయోగం ఉండేది. నాకు 1,012 వచ్చింది. పుస్తకంలో సుమారు 980 ఉంది. మళ్ళీ చేసే ఓపిక లేదు. మధ్యాహ్నం మ్యాట్నీ ఉంది. కాలాలను వెనకనుంచి లెక్కవేసుకుని, అక్కడ రెండు అంకెలు, ఇక్కడ మూడు అంకెలు సర్ది 978 తెప్పించాను. మా బ్యాచిలో నలుగురం అంతే చేశాము. రికార్డు మీద సంతకం పడింది, మార్కులు పడ్డాయి.

సర్వీసునుంచి తిరిగి వచ్చాక ఒకసారి లాబు చూడటానికి వెళ్ళాను. అదే పెండ్యులం, అదే బ్రాకెట్టు. చేత్తో తడిమి చూశాను. అది ఊగే కత్తి అంచు అరిగి గుండ్రబడి ఉంది. మా రోజుల్లోనే అరిగిందో, తరువాత అరిగిందో నాకు తెలియదు. ఒకటి మాత్రం నిజం. మాకు వచ్చిన 1,012ను 1,012 అనే వ్రాసి ఉంటే, 'అందరికీ ఎక్కువే వస్తోంది, పరికరంలో ఏదో ఉంది' అని ఎవరో ఒకరు చూసేవారు. వంద రూపాయల విడిభాగం తెప్పించి మార్చేవారు. మేమంతా సరైన జవాబు వ్రాయడం వల్ల ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. మా తరువాతి బ్యాచీలు కూడా అదే ప్రయోగం చేసి, అదే తంటా పడి, అదే విధంగా అంకెలు సర్దుకుని ఉంటారు.

మీలో కొందరు రేపు ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, డ్యాముల దగ్గర, మందుల కంపెనీల్లో అంకెలు వ్రాస్తారు. మీరు వ్రాసిన అంకెను నమ్మి మీకు తెలియని మనిషి ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఆ రోజు కొత్తగా నిజాయితీ నేర్చుకోవడం కుదరదు. చేతికి అలవాటు ఇక్కడే పడాలి. వచ్చిన అంకెను వచ్చినట్లు వ్రాయండి. తప్పు వ్రాస్తే చెరపవద్దు, ఒక అడ్డగీత గీసి పక్కన సరైనది వ్రాసి సంతకం చేయండి. మా కార్డు మీద రెండేళ్ళ కిందట ఎవరో ఆ పాటి పని చేసి ఉంటే, ఒక జవానుకు మూడు గంటలు కలిసివచ్చేవి.

లెక్చరర్లకు కూడా ఒక మనవి. విద్యార్థి 1,012 తెస్తే మార్కులు కోయకండి. ఎందుకు వచ్చిందో వాడితో కలిసి వెతకండి.

కార్యదర్శికి ఒక మాట. ఈ వ్యాసానికి ఏమైనా ఇవ్వదలిస్తే, ఆ డబ్బుతో ఫిజిక్సు లాబు పెండ్యులానికి కొత్త కత్తి అంచు ఒకటి వేయించండి. పాతదాన్ని మాత్రం హాక్సాతో రెండు ముక్కలు చేసి పారవేయండి. లేకపోతే ఎవరో ఒకరు మళ్ళీ బిగిస్తారు.